ఎండ అంతటా ఒకటే: కదిరి–తాడిపత్రి మధ్య సోలార్ ప్లాంటుకు స్థలం వెతికిన కేస్ స్టడీ

ఒక ప్రైవేటు డెవలపర్ మాకిచ్చిన పని చెప్పుకోవడానికి చిన్నదే. పాత అనంతపురం జిల్లా తూర్పు భాగంలో, దక్షిణాన కదిరి నుంచి ఉత్తరాన తాడిపత్రి దాకా, 10 మెగావాట్ల సోలార్ ప్లాంటుకు పనికొచ్చే చోట్లు మ్యాపింగ్ చేసి చూపించాలి. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు పడుతుంది కాబట్టి కావాల్సింది ఏకచెక్కగా 45 ఎకరాలు. అక్కడ పుట్టే కరెంటు 33 కేవీ లైన్ మీద దగ్గర్లోని 132/33 కేవీ సబ్‌స్టేషన్‌కు చేరాలి.

వాళ్ల దగ్గర అప్పటికే ఎవరో చేసిచ్చిన పటం ఒకటి ఉంది. ముదురు ఎరుపు నుంచి లేత పసుపు దాకా రంగులు. ఎరుపు ఉన్నచోట ఎండ ఎక్కువ, అక్కడే భూమి చూసుకోండి అని దాని సారాంశం. డెవలపర్ మనుషులు ఆ ఎర్రటి చోట్లలో బ్రోకర్లతో మాటలు కూడా మొదలుపెట్టేశారు. మా పనిలో సగం ఆ పటం మీద వాళ్లకున్న నమ్మకం తగ్గించడానికే పోయింది.

రంగుల వెనక ఉన్న అంకెలు

ఎండ లెక్కలుండే ఆన్‌లైన్ పటం గ్లోబల్ సోలార్ అట్లాస్ తీసి చూస్తే ఈ ప్రాంతమంతా ఏడాదికి చదరపు మీటరుకు సుమారు 2,000 యూనిట్ల దగ్గరే తిరుగుతుంది. ఒక మూలకూ ఇంకో మూలకూ తేడా రెండు మూడు శాతం. పైగా ఈ లెక్కల వెనకున్న ఉపగ్రహ చిత్రాల్లో ఒక్కో గడి (పిక్సెల్) కొన్ని కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. పక్కపక్క ఊళ్ల మధ్య కనిపించే తేడాను బట్టి భూమి కొనడం అంటే లేని తేడాకు డబ్బు కట్టడమే.

మరి పటంలో అంత ఎరుపు ఎందుకొచ్చింది? సాఫ్ట్‌వేర్ అలవాటు వల్ల. పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ అయినా మరొకటైనా, లేయర్‌లో, అంటే ఒక్కో అంశానికి వేసే పటం పొరలో, ఉన్న కనిష్ఠానికి ఒక చివరి రంగు, గరిష్ఠానికి ఇంకో చివరి రంగు ఇచ్చి మధ్యలో సాగదీస్తుంది. తేడా మూడు శాతమైనా, ముప్పై శాతమైనా కంటికి ఒకేలా కనిపిస్తుంది. రంగుల దగ్గరే ఆగిపోతే నష్టం లేదు. చాలామంది అదే సాగదీతను స్కోరులోకి కూడా తెస్తారు. ప్రతి లేయర్‌నూ 1 నుంచి 9 దాకా మార్కులుగా మార్చి, వాటిని వెయిట్లతో గుణించి కలుపుతారు. ఎండలో 1 మార్కుకూ 9 మార్కులకూ మధ్య ఉన్నది మూడు శాతం ఉత్పత్తి. సబ్‌స్టేషన్ దూరంలో 1కీ 9కీ మధ్య ఉన్నది పాతిక కిలోమీటర్ల లైన్. ఈ రెండింటినీ ఒకే కొలబద్ద మీద పెట్టి, ఆపైన 'సోలార్ ప్లాంటు కదా' అని ఎండకు 40 శాతం వెయిటు ఇస్తే వచ్చే పటం చూడ్డానికి మాత్రం బాగుంటుంది.

డెవలపర్‌కు దీన్ని లెక్కగా చూపించాం. 33 కేవీలో 10 మెగావాట్లు పంపితే లైన్‌లో దాదాపు 175 ఆంపియర్లు నడుస్తాయి. మామూలుగా వాడే డాగ్ అనే రకం కండక్టరైతే (లైన్ తీగ) మూడు ఫేజుల్లో కలిపి కిలోమీటరుకు 25 నుంచి 30 కిలోవాట్లు వేడి రూపంలో పోతాయి. 10 కిలోమీటర్ల లైన్ అంటే ప్లాంటు ఫుల్లుగా నడిచే గంటల్లో రెండున్నర నుంచి మూడు శాతం. అంటే ఎర్రటి చోటుకు వెళ్లి సంపాదించిందంతా దారిలోనే ఆవిరైపోతుంది. లైన్ ఖర్చు, స్తంభాల కోసం రైతులతో తగువులు దానికి అదనం. ఈ లెక్క చూశాక ఎండ గురించి మాతో ఎవరూ వాదించలేదు.

ముందు కొట్టేయాల్సినవి

స్కోరు వేయడానికి ముందు, అసలు పరిశీలించనే కూడని నేలను తీసేయాలి. ఈ రెండు పనులనూ కలిపేస్తే, చెరువులో ఉన్న చోటు కూడా రోడ్డు దగ్గర, సబ్‌స్టేషన్ దగ్గర, చదును అని మార్కులు పోగేసుకుని పైకి వచ్చేస్తుంది.

రిజర్వు ఫారెస్టు, ఊళ్లు, రోడ్లు, రైలు మార్గాలు, పెద్ద లైన్ల కింద వదలాల్సిన కారిడార్లు (132 కేవీకి 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్లు) తీసేయడం తేలిక. ఇబ్బంది అంతా నీళ్ల దగ్గరా, సాగు దగ్గరా.

అనంతపురంలో చెరువు అంటే ఎప్పుడూ నీళ్లుండేది అని అనుకోకూడదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే నేల ఇది. ఏళ్ల తరబడి ఎండిపోయి, లోపల తుమ్మ మొలిచిన చెరువులు ఎన్నో ఉన్నాయి. కరువు సంవత్సరపు ఉపగ్రహ చిత్రంలో అలాంటి చెరువు గర్భం ఎలా కనిపిస్తుంది? చదునుగా, ఖాళీగా, చెట్టూ చేమా పెద్దగా లేకుండా, ఏకచెక్కగా వంద ఎకరాలు. సోలార్‌కు ఇంతకంటే మంచి చోటు ఉండదని మోడల్ సంబరపడుతుంది. ఈ రకం చోట్లు పాత పటంలో 'అత్యంత అనుకూలం' జాబితాలో కనిపించాయి కూడా.

అందుకని ఈ ఏడాది నీళ్లెక్కడున్నాయో చూడకుండా, ఎప్పుడైనా నీళ్లు నిలిచిన ప్రతి చోటునూ తీసేశాం. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలతో 1984 నుంచి నీటి జాడలన్నీ కలిపి యూరోపియన్ కమిషన్‌వారి జాయింట్ రీసెర్చ్ సెంటర్ ఒక లేయర్ తయారుచేసింది. అందులో గరిష్ఠ విస్తీర్ణం అనే భాగం మాకు ఎక్కువ ఉపయోగపడింది. దానికి 2021 నవంబరు వానల నాటి సెంటినెల్-1 ఉపగ్రహపు రాడార్ చిత్రాలు జోడించాం. ఆ నెలలో రాయలసీమ అంతటా కుంభవృష్టి. మబ్బులు కమ్మినా రాడార్‌కు అడ్డం కాదు. ఏ చెరువు ఎంత దూరం పరుచుకోగలదో ఆ ఒక్క నెల చెప్పినంత స్పష్టంగా మిగతా ఏళ్లు చెప్పలేదు. ఆ ముంపు గీతకు బయట ఇంకొంత జాగా కూడా వదిలాం. ఎందుకంటే 10 మీటర్ల చిత్రంలో కనిపించని పల్చటి నీరు కూడా ఇన్వర్టర్ గదిలోకి వస్తే నష్టమే.

సాగు సంగతి ఇంకా తిరకాసుది. ఇక్కడ ఎర్రనేలల్లో జూన్, జులైల్లో వేసిన వేరుశనగ అక్టోబరు, నవంబరుకల్లా ఇంటికొస్తుంది. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు ఆ చేను బీడులాగే ఉంటుంది. మబ్బులుండవని చాలామంది మార్చి, ఏప్రిల్ చిత్రాలతో పని చేస్తారు. ఆ చిత్రాల్లో జిల్లాలో సగం 'బంజరు' అయిపోతుంది. మేం సెంటినెల్-2 చిత్రాలను గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ఏడాది పొడవునా తీసుకుని, ఒక్కో గడిలో పచ్చదనం సూచీ, అంటే ఎన్‌డీవీఐ, ఆ ఏడాది ఎంత పైకి వెళ్లిందో చూశాం. ఒక్క ఏడాదితో ఆగకుండా వరసగా కొన్నేళ్లు చూడాలి, ఎందుకంటే వాన మొహం చాటేసిన ఏడు రైతు విత్తనమే వేయడు. అలా చూస్తే మూడు రకాలు విడిపోయాయి: ఏటా పచ్చబడేవి, అప్పుడప్పుడు పచ్చబడేవి, ఎప్పుడూ పచ్చబడనివి. మొదటి రకం వదిలేశాం. మధ్య రకాన్ని విడిగా గుర్తు పెట్టుకున్నాం, దాని సంగతి తర్వాత వస్తుంది.

హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) తయారుచేసే బంజరు భూముల పటాలు వాడొచ్చు కదా అని అడుగుతారు. మొదటి చూపుకు అవి చాలా మంచివి, మేమూ వాడాం. కానీ 1:50,000 స్కేలులో పటం మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. జిల్లాను అర్థం చేసుకోవడానికి అది చాలు, 45 ఎకరాల గట్లు తేల్చడానికి చాలదు.

వాలు, ఆ 78వ రేఖాంశం

వాలు లెక్క మామూలుదే, రెండు జాగ్రత్తలు తప్ప. డీఈఎం, అంటే నేల ఎత్తుల పటం, డిగ్రీల్లో ఉండగానే స్లోప్ టూల్ నడిపితే అడ్డం కొలత డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో పోయి జిల్లా అంతా హిమాలయాల్లా వస్తుంది. ముందు యూటీఎంలోకి, అంటే భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతిలోకి, మార్చాలి. ఇక్కడ 43, 44 జోన్ల సరిహద్దు అయిన 78 డిగ్రీల తూర్పు రేఖాంశం సరిగ్గా మన ప్రాంతం మీదుగా పోతుంది: అనంతపురం, ధర్మవరం పడమట, కదిరి, నంబులపూలకుంట తూర్పున, తాడిపత్రి దాదాపు గీత మీదే. ఒక లేయర్ ఒక జోన్‌లో, ఇంకోటి మరో జోన్‌లో ఉంటే బఫర్లు (చుట్టూ వదిలే జాగా గీతలు), విస్తీర్ణాలు తప్పుడు చోట కలుస్తాయి. అన్నీ 44లోకి తెచ్చాం.

రెండోది డీఈఎం వయసు. ఎస్ఆర్‌టీఎం అనే డీఈఎం 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి తీసింది. ఆ తర్వాత తవ్విన గ్రావెల్ గుంతలు, క్వారీలు దానికి తెలియవు. ఇస్రో ఉపగ్రహం కార్టోశాట్ డీఈఎంతో పోల్చి, రెండింటికీ పొంతన లేని చోట్లన్నీ కొత్త హై రిజల్యూషన్ చిత్రంలో కళ్లతో చూశాం. చాలావరకు తవ్వకాలే.

వెయిట్ల మీద నా అభిప్రాయం

ఈ రంగంలో ఏ రిపోర్టు తెరిచినా ఏహెచ్‌పీ కనిపిస్తుంది. 1970ల్లో థామస్ సాటీ రూపొందించిన పద్ధతి. రెండేసి అంశాలను జతగా పోల్చి, ఏది ఎంత ముఖ్యమో 1 నుంచి 9 దాకా చెప్పి, వెయిట్లు రాబడతారు. పోలికల్లో పొంతన ఉందో లేదో చెప్పే నిష్పత్తి 0.1 లోపు వస్తే హమ్మయ్య అనుకుంటారు. ఆ నిష్పత్తి చెప్పేది ఒక్కటే: మీరు మీతో మీరు విభేదించుకోలేదని. మీరు చెప్పింది నిజమో కాదో దానికి తెలియదు.

మేం దారి మార్చాం. డబ్బుల్లోకి మార్చగలిగిన ప్రతిదాన్నీ డబ్బుల్లోకే మార్చాం. ఎండలో తేడాను ఏటా వచ్చే ఆదాయంలో తేడాగా, సబ్‌స్టేషన్ దూరాన్ని లైన్ ఖర్చు, దారిలో పోయే కరెంటు నష్టం కలిపి, నేల రకాన్ని పునాదుల ఖర్చుగా లెక్కేశాం. ఈ చివరిది తక్కువదేం కాదు. కదిరి వైపు ఎర్రనేల కింద అడుగు, అడుగున్నరకే పరుపు బండ తగులుతుంది. ప్యానెళ్లను నిలబెట్టే పైల్స్ (పునాది స్తంభాలు) కొట్టడం కుదరదు, డ్రిల్ వేయాలి. తాడిపత్రి వైపు నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు అరచేయి పట్టేంత నెర్రెలిస్తుంది. పైల్ లోతుగా పోకపోతే నేలతో పాటు అదీ పైకి లేస్తుంది. వాలు కూడా డబ్బే: నేల ఉత్తరానికి వాలితే ఒక వరస నీడ ఇంకో వరస మీద పడకుండా దూరం పెంచాలి, అంటే అదే 10 మెగావాట్లకు ఎక్కువ ఎకరాలు.

డబ్బుల్లో చెప్పలేనివి కొన్నే మిగిలాయి. తాడిపత్రి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, నాపరాళ్ల పాలిష్ యూనిట్ల దుమ్ము. పెద్ద ట్రెయిలర్ తిరగలేని ఊరి సందులు. ఇళ్లకు మరీ దగ్గరగా ఉండటం. ఏహెచ్‌పీని వీటికి మాత్రమే వాడాం. తర్వాత వెయిట్లను అటూ ఇటూ జరిపి మళ్లీ మళ్లీ నడిపించి, ఎలా జరిపినా పైనే నిలబడిన చోట్లను మాత్రమే ముందుకు తీసుకున్నాం. ఒక ప్రత్యేకమైన వెయిటు ఉంటేనే గెలిచే చోటు నాకు నమ్మకంగా అనిపించదు.

ఉన్న ప్లాంట్ల మీద పరీక్ష

కొత్త చోట్లు చెప్పేముందు, ఇప్పటికే కట్టిన సోలార్ పార్కులను ఈ పద్ధతి పట్టుకుంటుందో లేదో చూడాలి. ఈ పరీక్ష లేని రిపోర్టును నేను సగం రిపోర్టుగానే లెక్కేస్తాను. మన అదృష్టం, చుట్టూ కావల్సినన్ని ఉన్నాయి. కర్నూలు వైపు గని, శకునాల గ్రామాల పరిధిలో 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల పార్కు; ఎన్టీపీసీ 250 మెగావాట్లతో 2016లో ఉత్పత్తి మొదలైన నంబులపూలకుంట; తాడిపత్రి దగ్గర తలారిచెరువు; సరిహద్దు అవతల కర్ణాటకలో 2,050 మెగావాట్ల పావగడ.

మన వైపు పార్కులన్నీ పెద్దగా పేచీ లేకుండా పటంలో పైకి వచ్చాయి. పావగడ మాత్రం దాదాపు మొత్తం కొట్టేసిన జాబితాలోకి పోయింది. కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. అక్కడ భూసేకరణ చేయలేదు. దాదాపు 13,000 ఎకరాలు రైతుల దగ్గర లీజుకు తీసుకున్నారు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంపుతో. వానొస్తే వేరుశనగ వేసి, రాకపోతే వదిలేసిన మెట్ట చేలు అవి. మా నిబంధన ప్రకారం సాగుభూమి. అక్కడి రైతు లెక్కలో నష్టాల భూమి.

దీంతో కొట్టేసే జాబితాను రెండుగా విడగొట్టాం. చట్టం, నీళ్లు, అడవి కాదనేవి ఒక వైపు. మేం వద్దనుకున్నవి ఇంకో వైపు. అప్పుడప్పుడు పచ్చబడే మధ్య రకం చేలను రెండో వైపుకు మార్చి, పట్టా భూమి అయితే, రైతు ఒప్పుకుంటే లీజుకు అడగొచ్చు అని తిరిగి పటంలోకి తెచ్చాం. పావగడ కథకు ఇంకో ముఖం ఉందని కూడా రిపోర్టులో రాశాం: లీజు డబ్బు భూమి ఉన్నవాడికే అందుతుంది, ఆ చేలల్లో కూలికెళ్లేవాళ్లకూ, పంట తీశాక గొర్రెలు మేపుకునేవాళ్లకూ ఏమీ రాదు. స్కోరులో దీనికి గడి లేదు, కానీ ఊళ్లో మొదటి గొడవ ఇక్కడి నుంచే వస్తుంది.

గడుల నుంచి సర్వే నంబర్లలోకి

30 మీటర్ల గడి అంటే 900 చదరపు మీటర్లు, సుమారు 22 సెంట్లు. మనకు కావాల్సిన 45 ఎకరాలు దాదాపు 200 గడులు. పైకి వచ్చిన గడులను ముక్కలుగా కలిపి, చిన్నవి తీసేసి, సన్నగా పొడుగ్గా తోకల్లా ఉన్నవి కూడా తీసేశాక చేతిలో పట్టేన్ని ముక్కలు మిగిలాయి. ఇక్కడితో జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాల విశ్లేషణ) పని అయిపోయిందని చాలామంది ఫీజు తీసుకుని వెళ్లిపోతారు. భూమి మన రాష్ట్రంలో గడుల్లో ఉండదు, సర్వే నంబర్లలో, ఆ నంబర్ల సబ్‌డివిజన్లలో ఉంటుంది.

మీభూమి పోర్టల్ నుంచి గ్రామ పటాలు, ఎఫ్ఎంబీలు (సర్వే నంబర్ల కొలతల నక్షాలు), అడంగల్ (భూమి, సాగు రికార్డు) తీశాం. గ్రామ పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టాలంటే రెండింటిలోనూ కచ్చితంగా దొరికే బిందువులు కావాలి. రోడ్డు మలుపులు, చెరువు కట్టలు పనికిరావు. పటం గీసిన కాలం నుంచి ఇప్పటికి అవి జరిగాయి. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసేచోట పాతిన ట్రైజంక్షన్ రాళ్లే గతి. వాటిని వెతికి, జీపీఎస్ రీడింగు తీసుకుని, వాటి ఆధారంగా పటాలను అమర్చాం. కొన్ని రాళ్లు కంప కింద, కొన్ని గట్టులో కలిసిపోయి ఉన్నాయి. ఒకచోట ఎవరో రాయికి పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తున్నారు, దానివల్లే అది భద్రంగా ఉంది. రీసర్వే అయిపోయిన ఊళ్లలో ఈ బాధ లేదు, కొత్త పటాలు కోఆర్డినేట్లతోనే వస్తాయి. కానీ అక్కడ ఇంకో చిక్కు: కొత్త రికార్డులో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు, రైతు బీరువాలోని దస్తావేజులో పాత సర్వే నంబరు. రెండింటినీ జతపరిచే పట్టిక చేసుకోకపోతే లీగల్ వాళ్లు మొదటి రోజే వెనక్కి పంపుతారు.

ఆపైన ఒక్కో సర్వే నంబరుకు రంగు వేశాం. పట్టా అయితే ఆకుపచ్చ. అసైన్డ్, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి, అయితే నారింజ: 1977 చట్టం ప్రకారం అమ్మకం చెల్లదు, 2023 సవరణతో 20 ఏళ్లు దాటినవాటికి హక్కులు ఇచ్చినా, తర్వాత అలా హక్కులొచ్చిన (ఫ్రీహోల్డ్) భూముల రిజిస్ట్రేషన్లకు బ్రేకు పడింది, కాబట్టి బ్యాంకు దగ్గర ఈ భూములు పెట్టి అప్పు తేవడం కష్టం. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటే ఎరుపు. చుక్కల భూమి (రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్నది) అయితే ఎరుపులోనే గళ్ల గుర్తు, ఎందుకంటే అది రేపు బయటపడొచ్చు, పడకపోవచ్చు. వాగు, శ్మశానం, బాట పోరంబోకులు నలుపు.

ఈ ఒక్క లేయర్ చేసినంత నష్టం మిగతావన్నీ కలిసినా చేయలేదు. మొత్తం స్కోరులో మొదటి స్థానంలో ఉన్న ముక్క కదిరి వైపుది, చదును, రోడ్డు పక్కనే, ఎప్పుడూ పచ్చబడని నేల. దాని నడిమధ్యలో ఎరుపు గళ్లు. చుట్టూ ఆకుపచ్చ ఉన్నా మధ్యలో అలాంటి నంబర్లుంటే ప్యానెళ్ల వరసలు తెగిపోతాయి, కేబుల్ దాటించడానికి హక్కు ఉండదు. డెవలపర్ తాలూకు బ్రోకరు "అదంతా మేం చూసుకుంటాం సార్" అన్నాడు. ఎలా చూసుకుంటారో రాసివ్వమంటే ఇవ్వలేదు. ఆ ముక్కను పక్కన పెట్టేశాం.

నేల మీద

మిగిలిన వాటిలో మూడింటిని కాలినడకన చూశాం. ఫోన్‌లో పటాల యాప్ క్యూఫీల్డ్, చేతిలో జీపీఎస్ రోవర్ కర్ర. పటం చెప్పలేనివి రాసుకోవడమే పని: బండిబాటలు, సమాధులు, బోర్లు, కరెంటు మోటార్లు, చెట్టు కింద దేవుళ్లు.

రెండో స్థానంలో ఉన్న ముక్క కంటికి ఏ లోపమూ లేనట్టు ఉంది. గొర్రెలు తోలుకొచ్చిన ఒక ముసలాయన మా కర్ర చూసి ఆగాడు.

"ఏం కొలుస్తాండారు సామీ?"

"సోలార్ పెడదామని చూస్తున్నాం తాతా."

"ఈడనా? ఒక్క వానకే మీ పలకలు తేలతాయి. గుట్ట నీళ్లన్నీ ఈడికే దిగుతాయి. ఆ రాళ్లకట్ట ఉత్తినే కట్టినామా?"

మోకాలెత్తు రాళ్లకట్ట ఒకటి ముక్క పడమటి అంచున నిజంగానే ఉంది. 30 మీటర్ల డీఈఎంలో అది కనిపించే ప్రసక్తే లేదు. నీళ్లు ఎటు పారతాయో లెక్కేసే టూల్ ప్రవాహాన్ని పక్కన దూరంగా చూపించింది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ తీసి చూస్తే అక్కడ సన్నగా ఒక వంక గీసి ఉంది. ఆ పటాల కోసం మనుషులు నేల మీద తిరిగారు కాబట్టి చిన్న వంకల విషయంలో నేను డీఈఎం కంటే టోపోషీట్‌నే నమ్ముతాను. కట్ట తీసి, డ్రెయిన్ తవ్వి ప్లాంటు కట్టొచ్చు. కానీ అప్పుడు ఆ నీళ్లు కింద చేలల మీదకు పోతాయి, కింద చేలవాళ్లు మన గేటు ముందుకు వస్తారు.

సబ్‌స్టేషన్ తేల్చిన మాట

మూడో ముక్క ఎండ లేయర్‌లో చివరి వరసలో ఉంది. పాత పటంలో లేత పసుపు. సబ్‌స్టేషన్ మాత్రం మూడు కిలోమీటర్ల లోపే.

సబ్‌స్టేషన్లు ఎక్కడున్నాయో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చెబుతుంది, తప్పులుంటే చిత్రం చూసి దిద్దుకోవచ్చు. ఖాళీ ఉందా అన్నది ఏ పటమూ చెప్పదు. ఈ ప్రాంతంలో గాలిమరలూ, సోలార్ ప్లాంట్లూ ముందే చేరి చాలా చోట్ల ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యాన్ని ఆక్రమించేశాయి. అందుకే దరఖాస్తుల పని చివరికి వాయిదా వేయకుండా, పది పన్నెండు ముక్కలు మిగిలిన దశలోనే వాటి చుట్టూ ఉన్న సబ్‌స్టేషన్లన్నింటికీ ఫీజిబిలిటీ అడగమని డెవలపర్‌కు చెప్పాం. రెండింటిలో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వస్తే తప్ప చోటు లేదన్నారు. మూడో ముక్క పక్కన ఉన్నదాంట్లో 33 కేవీ బే (మన లైన్ వచ్చి కలిసే చోటు) కట్టుకోవడానికి జాగా, సామర్థ్యం రెండూ ఉన్నాయని జవాబొచ్చింది.

లైన్ దారి కూడా గీశాం. సరళరేఖ దూరం చూసి మురిసిపోకూడదు. కదిరి మీదుగా వెళ్లే ధర్మవరం–పాకాల రైలు మార్గాన్ని దాటాల్సి వస్తే రైల్వే అనుమతికి వేరే ఫైలు, వేరే కాలం. రిజర్వు ఫారెస్టు మూల తగిలినా అంతే. ఈ ముక్క నుంచి సబ్‌స్టేషన్‌కు రైలు, అడవి ఏదీ అడ్డం లేదు. ఒక్క 220 కేవీ లైన్ కింద నుంచి దాటాలి, అది మామూలు పనే.

భూమి మొత్తం పట్టా, చాలా కుటుంబాలది. మధ్యలో ఒక బండిబాట ఉంది, రికార్డులో లేదు, కానీ అవతలి చేలవాళ్లకు అదొక్కటే దారి. రైతులతో మొదటి కూర్చోవడంలోనే "పావగడలో ఎంతిచ్చినారో మాకు తెలుసు" అనే మాట వచ్చింది. అమ్మకం వద్దు, లీజే కావాలన్నారు. పెంపు ఎన్నేళ్లకోసారి అన్నదాని మీదే బేరం ఎక్కువసేపు నడిచింది. మా పటంలో బండిబాటను మూయకుండా, ఇరువైపులా కంచె వేసి ప్లాంటును రెండు బ్లాకులుగా చేసి చూపించాం. దానికి పోయిన జాగాకు బదులుగా ఉత్తరం వైపు ఇంకో పట్టాదారు భూమి కలపాల్సి వచ్చింది.

డెవలపర్‌కు అప్పగించిన వాటిలో రంగుల పటం ఒక్క పేజీ. మిగతాది సర్వే నంబర్ల పట్టిక, ఒక్కో నంబరుకు భూమి రకం, యజమానుల సంఖ్య, పాత నంబరుకు కొత్త ఎల్‌పీఎం జత, లైన్ దారి కోఆర్డినేట్లు, 2021 నాటి ముంపు గీత, కొట్టేసిన ప్రతి ముక్కకూ ఒక్క వరసలో కారణం. ఈ చివరి జాబితాను అడిగి తీసుకోవాలని ఇలాంటి పని చేయించుకునేవాళ్లకు చెబుతుంటాను, లేకపోతే ఆరు నెలల తర్వాత అదే ముక్కను ఇంకో బ్రోకరు ఇంకో పేరుతో తెచ్చి చూపిస్తాడు. ప్రస్తుతం ఆ స్థలంలో మట్టి పరీక్షలు, పైల్ లాగి చూసే పరీక్షలు జరుగుతున్నాయి. దక్షిణ బ్లాకులో బండ మేం అనుకున్నదానికంటే పైకే తగులుతోందని మొదటి రీడింగులు వచ్చాయి, అక్కడ డ్రిల్లింగ్ రేటు మీద కాంట్రాక్టరుతో మాటలు నడుస్తున్నాయి.